బార్బడోస్ ప్రయాణంలో డబ్బు, ఫోను

కరీబియన్ దీవులతో మనకు క్రికెట్ ద్వారానే ఎక్కువ పరిచయం. 2024 జూన్ 29న భారత జట్టు టి-20 ప్రపంచకప్ గెలిచిన కెన్సింగ్టన్ ఓవల్ మైదానం బార్బడోస్ రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లో ఉంది. గెలిచిన జట్టు వెంటనే ఇంటికి రాలేకపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. బెరిల్ తుపాను వల్ల విమానాశ్రయం మూతపడి, ఆటగాళ్లు కొన్ని రోజులు అక్కడే ఉండిపోయారు. వారి బాగోగులు చూడడానికి క్రికెట్ బోర్డు ఉంది. సామాన్య ప్రయాణికుడికి అటువంటప్పుడు ఆసరా రెండే: చేతిలో డబ్బు, పనిచేసే ఫోను. ఈ భాగంలో బార్బడోస్‌ను ఉదాహరణగా తీసుకొని ఆ రెండింటినీ పరిశీలిద్దాం.

ఏ డాలరు?

మొదట తేల్చుకోవలసిన ప్రశ్న ఇది. బార్బడోస్‌కు సొంత డాలరు ఉంది. 1975 నుంచి దాని విలువను అమెరికా డాలరుతో ముడిపెట్టారు. ఒక అమెరికా డాలరుకు రెండు బార్బడోస్ డాలర్లు. దీనినే స్థిర మారకపు రేటు అంటారు. మన రూపాయి విలువ రోజూ మారుతూ ఉంటుంది. అక్కడ మాత్రం అర్ధశతాబ్దంగా ఈ లెక్క మారలేదు. తినే తిండిలో, వాడే ఇంధనంలో చాలా భాగం దిగుమతి చేసుకుంటూ, పర్యాటకుల రాకపై ఆధారపడిన చిన్న దేశానికి ధరల నిలకడ చాలా ముఖ్యం. అయితే ఈ రేటును నిలబెట్టాలంటే కేంద్ర బ్యాంకు వద్ద విదేశీ మారక ద్రవ్య నిల్వలు ఎప్పుడూ ఉండాలి. మీరు తీసుకువెళ్లే డాలర్లకు అక్కడ అంత ఆదరణ అందుకే.

సమీపంలోని సెయింట్ లూసియా, గ్రెనడా వంటి ఎనిమిది ప్రాంతాలకు ఉమ్మడిగా తూర్పు కరీబియన్ డాలరు ఉంది. దాని రేటు 1976 నుంచి ఒక అమెరికా డాలరుకు 2.70. ట్రినిడాడ్‌ది మరో డాలరు, జమైకాది ఇంకొకటి. మాటలో మాత్రం అందరూ అనేది ‘డాలర్లు’ అనే.

బార్బడోస్‌లో చాలా దుకాణాలు, హోటళ్లు అమెరికా డాలర్లు తీసుకుంటాయి. చిల్లర మాత్రం స్థానిక డాలర్లలో వస్తుంది. ఒక సదస్సుకు వెళ్లినప్పుడు నేను శుక్రవారం సాయంత్రం ఆయిస్టిన్స్‌లో చేపల వంటకాలు అమ్మే చోట భోజనం చేశాను. బోర్డు మీద 40 అని ఉంది. రెండు ఇరవై డాలర్ల అమెరికా నోట్లు ఇచ్చి లేచాను. అమ్మే ఆవిడ వెనక్కి పిలిచి ఒక నోటు నా చేతిలో పెట్టింది. స్థిర మారకపు రేటు గురించి ఏళ్ల తరబడి పాఠం చెప్పినవాణ్ణి! అందరూ ఆవిడలాగే పిలిచి ఇస్తారనుకోవద్దు. ధర వినగానే ‘ఏ డాలరు?’ అని అడగండి.

రూపాయలు తీసుకువెళ్లి ప్రయోజనం లేదు. చిన్న అమెరికా నోట్లు కొన్ని దగ్గర ఉంచుకోవాలి. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల వరకే నోట్ల రూపంలో తీసుకోవచ్చు. మిగిలినది కార్డులో ఉండాలి. 2020 నుంచి మన బ్యాంకులు కొత్త కార్డులను దేశంలో వాడకానికే తెరిచి ఇస్తున్నాయి. విదేశీ వాడకాన్ని బయలుదేరక ముందే మీరే తెరుచుకోవాలి. చెల్లించేటప్పుడు యంత్రం ‘రూపాయలలో చెల్లిస్తారా?’ అని అడిగితే వద్దనండి. అది సౌకర్యంలా కనిపిస్తుంది కాని, ఆ మార్పిడి రేటు సాధారణంగా మనకు నష్టం. మిగిలిన బార్బడోస్ నోట్లను అక్కడే మార్చుకోండి. దేశం దాటితే వాటిని తీసుకునేవారు అరుదు.

ఫోను

అదే ప్రయాణంలో రెండో రోజు నా కార్డు ఆగిపోయింది. బ్యాంకు నా భారతీయ నంబరుకు ఓటీపీ పంపింది. ఆ సిమ్ హైదరాబాదులో బీరువాలో ఉంది. రోమింగ్ ఖర్చు మిగల్చాలని తీసిపెట్టి వెళ్లాను. బ్యాంకుకు ఫోన్ చేద్దామంటే అక్కడ ఉదయం పది, ఇక్కడ సాయంత్రం ఏడున్నర. మనకూ బార్బడోస్‌కూ తొమ్మిదిన్నర గంటల తేడా. సదస్సుకు వచ్చిన ఒకాయన వంద డాలర్లు సర్దాడు.

కాబట్టి భారతీయ సిమ్ ఫోనులోనే ఉండాలి. సందేశాలు అందేలా రోమింగ్ తెరిచి, దానిపై డేటా మాత్రం ఆపివేయండి. రెండో సిమ్‌గా ఫ్లో లేదా డిజిసెల్ వారిది తీసుకుంటే స్థానిక డేటా దొరుకుతుంది. పాస్‌పోర్టు వెంట ఉంచుకోండి.

అమెరికాలోని మన బంధువులు తరచుగా చేసే పొరపాటు ఒకటుంది. బార్బడోస్ కోడ్ +1-246. ముందున్న 1 అమెరికాదీ, కెనడాదీ కూడా కావడంతో అది స్థానిక కాలే అనుకుంటారు. అది విదేశీ కాలే, బిల్లు కూడా అలాగే వస్తుంది. ఓడలో వచ్చేవారు సముద్రం మీద ఉన్నంతసేపు ఫోనును విమాన స్థితిలో ఉంచాలి. ఓడ నెట్‌వర్క్ ఛార్జీలు మరీ ఎక్కువ.

జూన్ నుంచి నవంబరు వరకు తుపానుల కాలం. 2024 జులై 1న బెరిల్ తాకినప్పుడు గ్రెనడాకు చెందిన కరియాకూ దీవిలో కరెంటు, ఫోన్లు రెండూ పోయాయి. అటువంటప్పుడు కార్డు యంత్రం కూడా పనిచేయదు. రెండు మూడు రోజులకు సరిపడే స్థానిక నోట్లు, నింపిన పవర్‌బ్యాంకు, ఇంటివారి, బ్యాంకు, విమాన సంస్థ నంబర్లు రాసిన కాగితం సంచిలో పెట్టుకోండి. ఫోనులోని నంబర్లు ఫోను వెలిగినంతసేపే కదా.