కుంగిన కేకు - కరకరలాడు రస్కు

ఓవెనులో చక్కగా పొంగిన కేకు వెలికి తీయునప్పటికి నడుమ కుంగిపోవుట పెక్కు యిండ్లలో జరుగునదే. వెన్న, గ్రుడ్లు, చక్కెర చవుక వస్తువులు కావు. కావున పారవేయుటకు ముందు కారణము నరయుట మేలు.

కేకును నిలబెట్టునవి గ్రుడ్డులోని మాంసకృత్తులు, పిండిలోని గంజి. వేడికి అవి గట్టిపడి వాయువు బుడగల చుట్టును గోడలవలె నిలుచును. గోడలు బిగియకమునుపే ఓవెను తలుపు తెరచినను, బేకింగు పౌడరు అధికమైనను ఆ బుడగలు కూలిపోవును.

నడుమ పచ్చిగానున్న కేకును తినరాదు. గ్రుచ్చిన పుల్ల పొడిగా వచ్చువరకు మరల కాల్చవలెను. మాడినదియు, సోడా మించి సబ్బువలె రుచించునదియు ఏ యుపాయమునకును లొంగవు.

తక్కిన కేకును బాగుగా చల్లార్చి, అరంగుళము మందమున ముక్కలు కోసి, పళ్లెమున ఎడమెడముగా పరచి, 150 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో నుంచవలెను. నడుమ నొకమారు త్రిప్పి, తేమ యారి బంగారువన్నె వచ్చినంతనే తీయవలెను. చల్లారిన పిదప అవి కరకరలాడును. గాలి చొరని డబ్బాలో నుంచినచో కొన్ని దినములు మెత్తబడవు.

ఇది క్రొత్త విద్య కాదు. బిస్కెట్టు అను మాటకు మూలమైన లాటిను పదములకు 'రెండుమార్లు వండినది' అనియే యర్థము. రొట్టెముక్కలను నేతిలో వేయించి, పాకమునను పాలలోను నానబెట్టు హైదరాబాదు డబల్‌ కా మీఠాయు నట్టి రెండవ వంటయే. కేకుగా చెడినది రస్కుగా రాణించును. సాయంకాలపు తేనీటికి వేరొక ఫలహారము వెదకుకొన నక్కరలేదు.