రెండు వాటాల ఇల్లు.. గోడ ఉంటే సరిపోదు!

విజయవాడ: సత్యనారాయణపురం రూపు మారింది. ఒకనాటి రైలు మార్గం స్థానంలో బీఆర్‌టీఎస్‌ రహదారి వచ్చింది. పాత ఇళ్ల చోట అపార్ట్‌మెంట్లు వెలుస్తున్నాయి. ఇలాంటి పేటల్లో అన్నదమ్ములు చెరో వాటాలో కాపురముండే ఇళ్లు అమ్మకానికి వచ్చినప్పుడు, ఒక వాటా మాత్రమే కొనదలచినవారు జాగ్రత్త వహించాలి.

నడుమ గోడ ఉన్నంత మాత్రాన పంపకం జరిగినట్లు కాదు. అవిభక్త కుటుంబ నివాస గృహంలో ఒకరి వాటాను బయటివారు కొన్నప్పటికీ, మిగిలినవారితో కలిసి అందులో ఉండే హక్కు సంక్రమించదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్‌ చెబుతోంది. పంపకానికి దావా వేస్తే, న్యాయస్థానం నిర్ణయించిన విలువకు ఆ వాటాను తామే కొంటామని కుటుంబ సభ్యులు కోరవచ్చు. 1893 నాటి పంపకాల చట్టం ఈ వీలు కల్పించింది. అంటే సొమ్ము చెల్లించినా గృహప్రవేశం జరగకపోవచ్చు.

ఆడపడుచుల సంగతీ మరువరాదు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకూ సమాన హక్కు లభించింది. వారి సంతకాలు లేకుంటే వివాదం తప్పకపోవచ్చు.

బయానా ఇచ్చేముందు రిజిస్టరైన పంపక దస్తావేజు, లింకు పత్రాలు, ఈసీ న్యాయవాదికి చూపించాలి. మెట్లు, బోరు, నడవా, మేడపై హక్కు ఎవరివో విక్రయ దస్తావేజులో స్పష్టంగా రాయించుకోవాలి.