మంచు చెప్పే తేదీ, పిల్లాడి నడక చెప్పే దూరం

జనవరి ఆఖరి బుధవారం పొద్దున్న తొమ్మిదికి నేను ఎవరికీ దొరకను. బయట సున్నాకి ఇరవై డిగ్రీలు కింద చలి. వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్, దాని పక్కన పరిచిన మ్యాపు, ఫోన్‌లో మా తమ్ముడు. "అక్కా, తెరుచుకుందా?" అని వాడు అడిగేలోపే పేరున్న చోట్ల మంచి తేదీలు అయిపోతుంటాయి. మిన్నెసోటా ఉత్తరాన, కెనడా సరిహద్దుని ఆనుకుని ఉన్న బౌండరీ వాటర్స్ అడవిలో ఆ ఏడాది బసకి కావలసిన పర్మిట్లు తెరిచేది ఆ ఉదయమే. మేం రెండు తీసుకుంటాం. ఒకటి మే నెలలో నాకూ తమ్ముడికీ, చేపల కోసం. ఇంకోటి జూన్ చివర్లో, పిల్లలతో కలిసి ఇంటిల్లిపాదికీ.

ఒకే అడవి, అవే నీళ్లు. అయినా ఈ రెండు ప్రయాణాలనీ ఒకే కొలతతో కొలవకూడదని నాకు అర్థమవడానికి రెండేళ్లు పట్టింది. మే ప్రయాణానికి తేదీ చెప్పేది మంచు. జూన్ ప్రయాణానికి దూరం చెప్పేది ఇంట్లో అందరికన్నా చిన్న పిల్లాడి కాళ్లు.

ముందు ఆ చోటు గురించి చెప్పాలి. సుపీరియర్ నేషనల్ ఫారెస్ట్‌లో సుమారు 11 లక్షల ఎకరాలు, 1,100కి పైగా సరస్సులు. 1964 నాటి చట్టం దాన్ని ముట్టుకోకూడని అడవిగా ప్రకటించింది. 1978లో వచ్చిన మరో చట్టం మోటారు పడవల్ని కొద్ది సరస్సులకే కట్టడి చేసింది. మిగతా అంతటా తెడ్డే. సరస్సుకీ సరస్సుకీ మధ్య నేల అడ్డమొస్తే పడవని నెత్తికెత్తుకుని నడవాలి. ఆ దారిని పోర్టేజ్ అంటారు. కెనూ నడుమ భుజాలకి ఆనే అడ్డకర్ర ఒకటుంటుంది. దాన్ని వాళ్లు పిలిచే పేరుకి అర్థం కాడి. ఆ మాట విన్నప్పుడు కోనసీమ లంకలో మా తాత ఎడ్లు గుర్తొచ్చాయి. ఓజిబ్వే జనం ఈ దారుల్లో వందల ఏళ్లుగా నడిచారు. బొచ్చు వ్యాపారం చేసిన ఫ్రెంచివాళ్లు తరవాత వాళ్ల వెనకే వచ్చారు.

మే 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా ఒక్కో ప్రవేశ ద్వారం నుంచి రోజుకి ఇన్ని బృందాలే అని లెక్క ఉంది. పర్మిట్ మీద ఉన్న రోజున, ఉన్న ద్వారం గుండానే లోపలికి వెళ్లాలి. లోపలికి వెళ్లాక ఎటు తిరిగినా అడగరు. బృందంలో తొమ్మిది మంది, నాలుగు పడవలు దాటకూడదు. ముఖ్యమైన సంగతి ఇంకోటి: పర్మిట్ చేతికివ్వాలంటే అందులో పేరున్న మనిషే రావాలి. అందుకని బుక్ చేసేటప్పుడే నా పేరుతోపాటు మావారి పేరూ, తమ్ముడి పేరూ రాయిస్తాను. బయల్దేరే ముందు రోజు నాకు జ్వరం వస్తే అందరి సెలవులూ పోకూడదు కదా.

మే ప్రయాణానికి మాకిష్టమైంది సీగల్ సరస్సు. గ్రాండ్ మరే ఊరి నుంచి అడవిలోకి 57 మైళ్లు సాగే గన్‌ఫ్లింట్ ట్రైల్ దాదాపు చివర ఉంటుంది. మిన్నెసోటాలో వాలై చేపల వేట మొదలయ్యేది మెమోరియల్ డే వారాంతానికి రెండు వారాల ముందు శనివారం. రాష్ట్రమంతా ఆ రోజు పండగే. కానీ క్యాలెండర్ తెరిచిన వేటని మంచు తెరవకపోవచ్చు. 2012లో రాష్ట్రంలో చాలా సరస్సులు మార్చిలోనే కరిగాయి. ఆ మరుసటి ఏడాది, 2013లో, వేట మొదలైన రోజున కూడా ఉత్తరాన ఎన్నో సరస్సులు గడ్డకట్టే ఉన్నాయి. అందుకే మేం మొదటి శనివారాన్ని వదిలేసి, దాని తరవాతి వారం తీసుకుంటాం. ఏప్రిల్ మూడో వారం నుంచి కెనూలు అద్దెకిచ్చే దుకాణానికి రెండు రోజులకోసారి ఫోన్ చేస్తాను. గడ్డ నల్లబడిందా, ఒడ్డు విడిచిందా, గాలికి కదులుతోందా అని అడుగుతాను. లంకలో ఉన్నప్పుడు నాన్న కూడా పొద్దున్నే గోదారి గట్టెక్కి నీళ్ల రంగు చూసొచ్చాకే పడవ సంగతి మాట్లాడేవాడు.

గడ్డ విడిచిన వెంటనే చేపలు ఎందుకు దొరుకుతాయో తెలిస్తే ఆత్రం సగం తగ్గుతుంది. నీళ్లు అన్నిటికన్నా బరువుగా ఉండేది 4 డిగ్రీల దగ్గర. మంచు కరిగాక పైనీరు ఆ వేడికి చేరగానే సరస్సు పైనుంచి అడుగుదాకా ఒకే తీరుగా ఉంటుంది. గాలి వచ్చి మొత్తాన్నీ కలియబెడుతుంది. చల్లదనం కోరే లేక్ ట్రౌట్‌కి అప్పుడు అడుగున దాక్కోవలసిన పని లేదు. జూలైలో ఎంతో లోతుకి దిగిపోయే చేప, మేలో ఒడ్డున రాళ్ల పక్కనే తిరుగుతుంది. మోటారు, లోతు చూసే యంత్రం లేని మాలాంటివాళ్లకి అది అందే రోజులు ఆ రెండు మూడు వారాలే. వాలై అప్పుడే గుడ్లు పెట్టి, వాగులు వచ్చి కలిసేచోట, గులకరాళ్ల మీద ఉంటుంది. దాని కంటి వెనక పిల్లికళ్లకి ఉన్నట్టు వెలుతురుని తిప్పికొట్టే పొర ఉంది కాబట్టి మసక చీకట్లో మేత వెతుక్కుంటుంది. మేం సాయంత్రం ఏడున్నర నుంచి గాలం వేస్తాం: చిన్న సీసం లేని గుండు, దానికి ఒక చిట్టి చేప. లూన్ పక్షులు సీసం మింగి చచ్చిపోతాయని తెలిశాక సీసం గుండ్లు మానేశాం. ఆ పక్షి రాత్రిపూట అరిచే అరుపు ఒక్కసారి విన్నవాళ్లు మళ్లీ సీసం కొనరు.

ఎర్రల సంగతి నన్ను చాలా రోజులు బాధపెట్టింది. వానపాము రైతు నేస్తమని చదివి పెరిగినదాన్ని. కాలువ గట్టున కొబ్బరిచిప్పలో ఎర్రలు పోగేసుకుని గాలం వేసినదాన్ని. ఇక్కడ మిగిలిన ఎర్రల్ని నేలమీద పారబోస్తే తప్పు. మంచుయుగపు హిమానీనదాలు ఈ నేలని గీకేశాక ఇక్కడ వానపాములే లేవట. ఇప్పుడున్నవన్నీ బయటినుంచి వచ్చినవే. రాలిన ఆకుల పొరని అవి తినేస్తాయి. ఆ పొర మీద ఆధారపడి మొలిచే అడవి పూలు, చిన్న మొక్కలు పోతాయి. మిగిలిన ఎర్రల్ని మేం డబ్బాలో తిరిగి తెచ్చి చెత్తలో వేస్తాం.

మే నెల నీటిని మాత్రం నమ్మకండి. ఎండ వెచ్చగా ఉంటుంది, చొక్కా చేతులు మడుస్తాం, నీళ్లు మాత్రం 5, 6 డిగ్రీలే. మానిటోబా విశ్వవిద్యాలయంలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే శాస్త్రజ్ఞుడు ఇలాంటి నీళ్లలోకి తానే దిగి చూసి చెప్పిన లెక్కని మా పడవలో ఎక్కే ప్రతి ఒక్కరికీ చెబుతాను. పడగానే ఒక నిమిషం ఊపిరి మన మాట వినదు. ఆ నిమిషం తల నీటిపైన ఉండాలి. తరవాత పది నిమిషాలు చేతులు పనిచేస్తాయి. స్పృహ తప్పడానికి గంట పడుతుంది. అంటే మనుషుల్ని ముంచేది ఆ మొదటి నిమిషం, పది నిమిషాలే. ఈత ఎంత వచ్చినా అప్పుడు కాపాడేది ఒంటిమీద ఉన్న లైఫ్ జాకెట్. పదేళ్ల లోపు పిల్లలకి అది రాష్ట్ర చట్టం. మా పడవలో అందరికీ చట్టం. సరస్సుకి అడ్డంగా కోయకుండా ఒడ్డు వెంబడే వెళతాం, అలలు తెల్లబడితే ఆ రోజుకి ఒడ్డునే. పొడి బట్టలు, అగ్గిపెట్టె, ఊలు టోపీ నీరు చొరని సంచిలో పడవకి కట్టి ఉంటాయి. ఇందుకే పిల్లల్ని మేలో తీసుకెళ్లను. పాప ఎంత బతిమాలినా తీసుకెళ్లలేదు.

పిల్లలతో మొదటిసారి వెళ్లినప్పుడు మ్యాపు చదవడంలో తప్పు చేశాను. పోర్టేజ్ దూరాన్ని రాడ్లలో రాస్తారు. ఒక రాడ్ పదహారున్నర అడుగులు, ఇంచుమించు ఒక కెనూ పొడవు. 320 రాడ్లు ఒక మైలు. మేం ఎంచుకున్న దారి 160 రాడ్లు. అరమైలే కదా అనుకున్నాం. సామాను రెండు విడతలు మోయాలి. ఒకసారి పోవడం, తిరిగి రావడం, మళ్లీ పోవడం: మైలున్నర. రాళ్లు, బురద, దోమలు. బాబుకి అప్పుడు ఐదేళ్లు. సగం దారిలో పడిపోయిన మాను మీద కూర్చుని "అమ్మా, ఇల్లు ఎటు?" అన్నాడు. వాడు ఏడవలేదు, నిజంగానే అడిగాడు. మావారు వీపున ఉన్న సంచి దించి వాణ్ణి ఎత్తుకున్నారు. ఆ సంచి కోసం నాలుగోసారి నడిచాం.

ఇప్పుడు వెళ్లేది లేక్ వన్‌కి. ఈలీ ఊరి నుంచి ఫెర్న్‌బర్గ్ రోడ్డు ముగిసేచోటే నీళ్లు. అక్కణ్ణించి లేక్ టూకి రెండే చిన్న పోర్టేజ్‌లు, ఆ పైన త్రీ, ఫోర్‌లకి అసలు దిగనక్కర్లేదు. కాకపోతే లేక్ వన్‌లో మూలలూ మలుపులూ చాలా ఉన్నాయి. తెలిసినవాళ్లు కూడా దారి తప్పుతారు. అందుకని పాప ముందు కూర్చుని మ్యాపు పట్టుకుంటుంది, దాటిన ప్రతి దీవినీ వేలితో చూపిస్తుంది. లేక్ త్రీ ఒడ్డున ఇప్పుడు లేత జాక్ పైన్‌లు ఒత్తుగా ఉన్నాయి. 2011లో పగామీ క్రీక్ కార్చిచ్చు ఇక్కడ 92,000 ఎకరాలకి పైగా కాల్చింది. జాక్ పైన్ కాయలు జిగురుతో మూసుకుని ఉంటాయి, మంట వేడికి తెరుచుకుని గింజలు రాలుస్తాయి. ఈ చెట్లు తన కన్నా కాస్తే పెద్దవని పాప లెక్కగట్టింది.

రోజుకి మూడు గంటలకి మించి తెడ్డు వెయ్యం. మధ్యాహ్నం రెండింటికల్లా బస దొరకాలి. రెండు రాత్రులు అక్కడే. తిండికి రేకు డబ్బాలు, గాజు సీసాలు నిషేధం కాబట్టి ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోకి మారుతుంది. వేయించిన ఉప్మా రవ్వ, అటుకులు, కందిపొడి, పులిహోర పులుసు. రాత్రికి వాటినన్నిటినీ గుడారానికి దూరంగా, ఎలుగు విప్పలేని పెట్టెలో పెడతాం. పిల్లల జేబుల్లో బిస్కట్ ముక్క కూడా ఉండకూడదు. చేపలు ఒక పూటకి సరిపడా, అదీ చిన్నవే ఉంచుకుంటాం. పెద్ద వాలైలో, పైక్‌లో పాదరసం ఎక్కువ పేరుకుంటుంది, పిల్లలకీ గర్భిణులకీ అవి తగ్గించమని రాష్ట్ర ఆరోగ్య శాఖ చెబుతుంది. చిన్న చేపకి పసుపు, ఉప్పు, కారం చాలు.

కిందటి జూన్‌లో బాబు తన సంచి తనే మోశాడు. మొదటి పోర్టేజ్‌లో అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు: మూడువందల పన్నెండు. రెండో దాంట్లో నూటెనభై దగ్గర ఆగిపోయాడు. దారి పక్క ఇసకలో ఒక తాబేలు వెనక కాళ్లతో గొయ్యి తీసి గుడ్లు పెడుతోంది. అది పూడ్చిపెట్టి నీళ్లలోకి వెళ్లేదాకా నలుగురం సామాను దించి నిలబడ్డాం. లెక్క పోయింది. ఎలాగూ రెండో విడత సామాను కోసం వెనక్కి వెళ్లాలి కాబట్టి వాడు మాకన్నా ముందు పరుగెత్తి, నీటి అంచున నిలబడి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.