కలర్‌లో ‘యు’ ఉండాలా, వద్దా? గ్రూప్ ప్రాజెక్టులో స్పెల్లింగ్ తగాదా



ఈ రోజుల్లో గ్రూప్ ప్రాజెక్టు అంటే నలుగురు పిల్లలు ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఒకే గూగుల్ డాక్‌లో రాయడం. ఒకరు ‘కలర్’ను సి-ఓ-ఎల్-ఓ-యు-ఆర్ అని రాస్తారు. ఇంకొకరు ‘యు’ తీసేస్తారు. మొదటివారు మళ్లీ పెడతారు. గ్రూపులో ఈ మధ్యే అమెరికా నుంచి తిరిగొచ్చిన బాబో పాపో ఉంటే “నీకు స్పెల్లింగే రాదు” అనే మాట కూడా పడుతుంది. రెండుసార్లు అలా అనిపించుకున్న పిల్లలు మూడోసారి రాయడానికే వెనకాడతారు. మనం పట్టించుకోవలసింది ఇదే.

ఎవరిది తప్పు?

ఇద్దరిదీ కాదు. 1755లో లండన్‌లో వెలువడిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువు ‘యు’ ఉన్న రూపాన్నే తీసుకుంది. 1828లో అమెరికాలో నోవా వెబ్‌స్టర్ తన నిఘంటువులో ఆ ‘యు’ను వదిలేశారు. ‘సెంటర్’ చివరి ‘ఆర్-ఈ’ని ‘ఈ-ఆర్’గా మార్చారు. మనకు ఇంగ్లిష్ బ్రిటిష్ వారి ద్వారా వచ్చింది కాబట్టి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లో బ్రిటిష్ పద్ధతే కనిపిస్తుంది. పిల్లలు రోజూ చూసే యాప్‌లు, గేముల్లో మాత్రం ఎక్కువగా అమెరికన్ పద్ధతి ఉంటుంది.

ప్రపంచం నలుమూలల వాళ్లు కలిసి రాసే ఇంగ్లిష్ వికీపీడియాకూ ఈ చిక్కు ఉంది. అక్కడి నియమం సులువైనది. ఒక వ్యాసంలో మొదటి నుంచి చివరి దాకా ఒకే పద్ధతి ఉండాలి. భారతదేశానికి సంబంధించిన వ్యాసమైతే మన దేశపు ఇంగ్లిష్ వాడాలి. ఏ దేశానికీ ప్రత్యేకంగా చెందని విషయమైతే ముందు నుంచి ఉన్న పద్ధతిని కారణం లేకుండా మార్చకూడదు.

పిల్లలకు చెప్పవలసినవి

1. రాయడం మొదలుపెట్టకముందే పద్ధతిని నిర్ణయించుకుని డాక్ మొదటి వరుసలో రాసుకోవాలి. స్కూలు పనికి పాఠ్యపుస్తకంలోని పద్ధతే మంచిది. తర్వాత ఫైల్ మెనూలోని ‘లాంగ్వేజ్’లో యునైటెడ్ కింగ్‌డమ్ ఇంగ్లిష్‌ను ఎంచుకోవాలి. లేకపోతే సరైన స్పెల్లింగ్ కింద కూడా ఎర్రగీత పడవచ్చు.

2. పేర్లను మార్చకూడదు. ఇస్రో పూర్తి పేరులోని ‘ఆర్గనైజేషన్’లో ‘ఎస్’ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరులో అదే మాటకు ‘జెడ్’ ఉంటుంది. ఒకే పేజీలో రెండూ వచ్చినా అలాగే ఉంచాలి. ఇతరుల మాటలను యథాతథంగా ఇచ్చినప్పుడూ, వెబ్‌సైట్ చిరునామాల్లోనూ ఇంతే. చిరునామాలో ఒక్క అక్షరం మారినా లింకు పనిచేయదు.

3. కంప్యూటర్ కోడ్ వేరు. వెబ్ పేజీకి రంగులు వేసే సీఎస్ఎస్‌లో ‘కలర్’ను ‘యు’ లేకుండానే రాయాలి. ‘యు’ పెడితే రంగు మారదు.

4. ‘రీప్లేస్ ఆల్’ నొక్కే ముందు ఆగాలి. అన్నిచోట్లా ‘యు’ చేర్చమంటే అమెరికాలోని కొలరాడో రాష్ట్రం పేరులోకి కూడా ‘యు’ వచ్చి చేరుతుంది!

5. స్పెల్లింగులు సరిచూసే పనిని చివర్లో ఒక్కరికే అప్పగించాలి. మిగతావాళ్లు ఒకరి వాక్యాన్ని ఒకరు చెరిపేయకుండా కామెంట్ పెట్టాలి, లేదా ‘సజెస్టింగ్’ మోడ్‌లో సూచించాలి.

ఇంట్లో మీరు

పిల్లల రాతలో వేరే స్పెల్లింగ్ కనబడగానే “తప్పు” అనకండి. “మీ గ్రూపు ఏ పద్ధతి పెట్టుకుంది?” అని అడగండి. పరీక్షలో మాత్రం పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే రాయమనండి, ఒకే జవాబులో రెండు పద్ధతులూ కలపవద్దని చెప్పండి. విదేశం నుంచి వచ్చిన పిల్లలకు కొత్త పద్ధతి అలవాటు కావడానికి కొన్నాళ్లు పడుతుంది. వాళ్లు నేర్చుకున్నది కూడా సరైన ఇంగ్లిషే అని తోటి పిల్లలకు తెలిస్తే, ఆ కొన్నాళ్లూ వాళ్లు ధైర్యంగా రాస్తారు.