సాఫ్ట్‌వేర్ నుండి మెషిన్ లెర్నింగ్‌కు: ఉద్యోగం మానకుండా నడిచే దారి

గత వేసవి సెలవుల్లో మా పాత విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. భద్రాచలం దగ్గర అడవి అంచు పల్లెలో పుట్టి, ఐదేళ్లుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. "సార్, ఉద్యోగం మానేసి మెషిన్ లెర్నింగ్ కోర్సులో చేరుదామనుకుంటున్నా. రెండున్నర లక్షలు అప్పు చేయాలి. ఏమంటారు?" అని అడిగాడు. ఇప్పుడు చాలా ఇళ్లలో ఇదే ప్రశ్న. ఫీజుకు సాయం అడిగేది మీలాంటి పెద్దలనే కనుక, మాకు తెలిసినంత వివరిస్తున్నాము.

రెండు పనులకూ తేడా ఏమిటి?

మామూలు సాఫ్ట్‌వేర్‌లో నియమాలను మనిషే రాస్తాడు. ఇన్ని యూనిట్లు కాలితే ఇంత బిల్లు అని ముందే చెబుతాడు, యంత్రం లెక్క కడుతుంది. కానీ కొన్ని పనులకు నియమం రాయలేము. ఖమ్మం మిర్చి యార్డులో అనుభవమున్న మనిషి గుప్పెడు తేజ కాయలు చూసి, తాలు ఎంత ఉందో చెప్పేస్తాడు. ఎలా తెలిసిందో రాయమంటే మాత్రం రాయలేడు. అప్పుడు వేలాది కాయల ఫొటోలు తీసి, ఏది మంచిదో ఏది తాలో అతనితోనే గుర్తు పెట్టించి, ఆ ఉదాహరణల నుండి యంత్రమే తేడా పట్టుకునేలా చేస్తారు. మెషిన్ లెర్నింగ్ అంటే ఇదే.

ఇది మనకు దూరపు విషయమేమీ కాదు. తెలంగాణ ప్రభుత్వం, ప్రపంచ ఆర్థిక వేదిక కలిసి 'సాగు బాగు' పేరుతో ఖమ్మం జిల్లాలోనే దాదాపు 7,000 మంది మిర్చి రైతులతో ప్రయోగం చేశాయి. భూసార పరీక్షలు, ఫోన్‌లో తెలుగు సలహాలు, కంప్యూటర్‌తో కాయల నాణ్యత పరీక్ష అందులో భాగాలు. ఎకరా దిగుబడి 21 శాతం పెరిగిందని ఆ వేదిక ప్రకటించింది.

ఉన్నదేమిటి, కావలసిందేమిటి?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి సగం పని ముందే వచ్చు. ప్రోగ్రామ్ రాయడం, డేటాబేస్ వాడడం, తయారైనదాన్ని జనం వాడేలా నిలబెట్టడం అతనికి అలవాటే. కొరత లెక్కల్లో ఉంటుంది. మాత్రికలు, అవకలనం, సంభావ్యత అన్నీ ఇంటర్ ఎంపీసీలో చదివినవే. పరీక్ష కోసం బట్టీ పట్టినవాటిని ఇప్పుడు అర్థం చేసుకుని చదవాలి.

రెండోది, ఫలితాన్ని అనుమానించడం. వంద కాయల్లో ఐదు తాలు ఉన్నాయనుకుందాం. యంత్రం అన్నీ మంచివే అన్నా 95 శాతం సరైనట్టే, కానీ దానివల్ల ప్రయోజనం సున్నా. ఎండలో తీసిన ఫొటోలతో నేర్చుకున్న యంత్రం షెడ్డు నీడలో తప్పు చెప్పవచ్చు. అందుకే నేర్చుకునేటప్పుడు చూపని ఫొటోలతో దానిని పరీక్షించాలి. బోర్డు మీద చేసిన లెక్కనే పరీక్షలో ఇస్తే పిల్లవాడికి వచ్చిందో రాలేదో మాకెలా తెలుస్తుంది?

ఖర్చు ఎంత?

ఐఐటీల ఆచార్యుల పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితంగా వినవచ్చు. ఆండ్రూ ఎన్‌జీ పాఠాలు 2011 నుండి ఆన్‌లైన్‌లో లక్షల మందికి చేరాయి. అభ్యాసానికి డేటా కాగుల్‌లో, కంప్యూటర్ శక్తి గూగుల్ కొలాబ్‌లో కొంత మేరకు ఉచితంగా దొరుకుతాయి. మా మరో విద్యార్థి అప్పు చేసి ఒక శిక్షణ కేంద్రంలో చేరాడు. చేతికి సర్టిఫికెట్ వచ్చింది, ఉద్యోగం రాలేదు. ఇంటర్వ్యూలో "మీరు సొంతంగా ఏం చేశారు?" అంటే చూపడానికి ఏమీ లేకపోయింది.

మేము ఇచ్చిన సలహా

"ఉద్యోగం మానకు. రోజుకు గంటన్నర చొప్పున ఏడాది చదువు. నీకు తెలిసిన ఒక సమస్య తీసుకుని మొదటి నుండి చివరి వరకు చెయ్యి. ఆ తరువాత నీ కంపెనీలోనే ఆ పని చేసే జట్టులోకి అడుగు" అన్నాము. మొదట అతని ముఖం చిన్నబోయింది. ఇప్పుడు తాలు కాయల ఫొటోలు సేకరిస్తున్నాడు. ఉద్యోగం ఇంకా మారలేదు, కానీ అప్పు లేదు, జీతం ఆగలేదు.

మన చుట్టూ కోయ భాష మాట్లాడే పల్లెలున్నాయి. యంత్రానికి నేర్పడానికి ఆ భాషలో రాతగా ఉన్నది చాలా తక్కువ. ఆ పనికి ఇక్కడ పుట్టిన పిల్లలకన్నా తగినవారెవరు?

కనుక ఎవరైనా కోర్సు ఫీజుకు సాయం అడిగితే ముందుగా ఒక్కటి అడగండి: "ఉచిత పాఠాలతో ఇప్పటికి ఏం చేశావు బాబూ, చూపించు." చూపినవాడికి మంచి లాప్‌టాప్, ఏడాది ఇంటర్నెట్ ఖర్చు ఇవ్వండి. రెండున్నర లక్షల ఫీజు కన్నా అతనికి అదే ఎక్కువ అక్కరకు వస్తుంది.