పడవ ఇంజను అదురు – కారణమును కనుగొను విధము

తెరచాప పడవకు ఇంజను గలవారు అదురును ఉపేక్షింపరాదు. అది ముదిరినచో ఇరుసు వెలికిపోవు గొట్టముచెంత బిగువు సడలి, పడవలోనికి నీరు చొచ్చును.

ముందుగా గేరు తప్పించి ఇంజనును వేర్వేరు వేగములతో నడుపుడు. అప్పుడును అదిరినచో దోషము ఇంజను వైపుననే యున్నది: డీసెలు నూనెలో గాలి చేరియుండును, లేదా క్రింది రబ్బరు దిమ్మలు చెడి, బోల్టులు వదులై యుండును.

గేరు వేసినపుడే అదిరినచో ఇంజనును నిలిపి, ప్రొపెల్లరునకు త్రాడుగాని నాచుగాని చుట్టుకొన్నదేమో, రెక్క వంగినదేమో చూడుడు. అవి బాగున్నచో ఇరుసు వంకరపోవుటయో, దాని బేరింగు అరుగుటయో, కప్లింగు బిళ్లలు సరిగా కలియకుండుటయో కారణము.

కప్లింగు బోల్టులు విప్పి, బిళ్లల నడిమి సందును నాలుగు ప్రక్కల కొలువుడు. బిళ్ల వ్యాసమున ప్రతి అంగుళమునకు 1/1000 అంగుళమునకు మించి తేడా యుండరాదు. ఈ కొలత పడవ నీటిపై తేలుచుండగనే తీయవలెను; ఒడ్డున నిలిపినపుడు పడవ ఆకృతి కొంత మారును.