పాత జీపు: చప్పుడెక్కడ, వదులెక్కడ?

స్టేషనులో నిలిచియున్న గూడ్సు బండి కదలబోవునపుడు వినవచ్చు శబ్దమును గమనింపనివారుండరు. ఇంజను ముందుకు లాగగానే మొదటి పెట్టె వద్ద ‘టక్’మనును. ఆ శబ్దము పెట్టెనుండి పెట్టెకు ప్రాకి చివరి పెట్టెను చేరును. ఒక్కొక్క కొక్కెమునందుండు సందు బెత్తెడైనను ఉండదు. కాని ఆ సందులన్నియు ఒకదాని వెంట నొకటి పూడినగాని చివరి పెట్టె కదలదు. పాత జీపు బయలుదేరునపుడు కాళ్లక్రింద వినవచ్చు ‘టక్’మను శబ్దమునకును కారణమిదియే.

రెండవ ప్రపంచయుద్ధకాలమున పుట్టిన జీపు, 1940ల చివరినాళ్లలో బొంబాయిలో మహీంద్రావారు విల్లీస్ జీపులను కూర్చుట ప్రారంభించినప్పటినుండి మన దేశపు బండియే అయినది. పొలముగట్లమీదను, మన్యపు ఘాట్‌రోడ్లమీదను అది చేసిన చాకిరి ఇంతంతకాదు. తండ్రిగారి కాలమునాటి జీపును నేటికిని భద్రముగా నడుపుకొనుచున్న కుటుంబములు పెక్కు కలవు. అట్టివారికి ఈ ప్రసంగము కొంత ఉపయోగపడునని మా ఆశ.

కొన్నేండ్ల క్రిందట మేము ఒక మిత్రుని పాత జీపులో విశాఖపట్టణమునుండి అరకులోయకు బయలుదేరితిమి. ఊరు దాటకముందే, గేరు మార్చినప్పుడెల్ల కాళ్లక్రింద సుత్తితో కొట్టినట్లు శబ్దము కాజొచ్చెను. అంతకు వారము రోజుల ముందే ఒక వర్క్‌షాపువారు దానిని విని, గేరు బాక్సు పోయినదని, విప్పి పళ్ల చక్రములన్నియు మార్చవలెనని చెప్పిరట. దారిలో శృంగవరపుకోట వద్ద ఒక వృద్ధ మెకానిక్కుకు బండిని చూపితిమి. ఆయన ఇంజనును ఆపించి, చక్రములకు చెక్కదిమ్మలు పెట్టించి, క్రిందికి దూరి, పావుగంటలో బయటికి వచ్చి, “బాబూ, సప్పుడెక్కడని ఎతక్కండి. కదిలేదెక్కడో ఎతకండి” అనెను. గేరు బాక్సున కేమియు కాలేదు. వెనుక ఇరుసును చేరు షాఫ్టుకొననున్న క్రాస్ అరిగిపోయియుండెను. షాఫ్టు బోలుగొట్టము కావున, ఒకకొనను తగిలిన దెబ్బకు మద్దెలవలె మ్రోగి, ఆ శబ్దమును రెండవకొనకు చేర్చుచుండెను. ఆయన పలికిన మాటయే ఈ విషయమునకంతటికిని మూలసూత్రము.

ఇంజనులో పుట్టిన శక్తి చక్రమును చేరుమార్గమును చూతము. క్లచ్చు దాటి గేరు బాక్సును, దానినుండి ట్రాన్స్‌ఫర్ కేసును అది చేరును. శక్తిని ముందు ఇరుసునకు, వెనుక ఇరుసునకు పంచునది ఈ ట్రాన్స్‌ఫర్ కేసే. అక్కడినుండి ముందుకొకటి, వెనుకకొకటిగా రెండు ప్రొపెల్లర్ షాఫ్టులు బయలుదేరును. ఇరుసులు కమానులపై ఎగిరిపడుచుండును గనుక షాఫ్టు వంగుటకు రెండు కొనలందును క్రాసులు, పొడవు సర్దుకొనుటకు ఒక జారుడు కీలు అమర్చబడియుండును. క్రాసనగా కూడిక గుర్తు ఆకారముగల ఉక్కుముక్క. దాని నాలుగు కొనలకు నాలుగు గిన్నెలు, గిన్నెలలో సూదులవంటి సన్నని రోలర్లు ఉండును. షాఫ్టు చివర డిఫరెన్షియల్‌లో పినియన్ అను చిన్నచక్రము క్రౌన్ అను పెద్దచక్రమును త్రిప్పగా, ఇరుసులు తిరిగి చక్రములు కదలును. ఈ దారిలో ప్రతి కలయిక వద్దను కొంత సందుండును. కొత్తబండిలో అది స్వల్పము. ఏండ్లు గడచినకొలది ప్రతిచోటను కొంచెము పెరిగి, అన్నియు కలిసి పెద్దదగును.

ఇచట ఒక లెక్కను గుర్తుంచుకొనవలెను. సీజే-3బి నమూనా జీపులో పినియన్‌కు 8 పళ్లు, క్రౌన్‌కు 43 పళ్లు. అనగా చక్రమొక చుట్టు తిరుగుటకు షాఫ్టు ఐదుచుట్లకు మించి తిరుగవలెను. కావున రెండు ప్రక్కల ఇరుసుల కొనలందును కేవలము 2 డిగ్రీల వదులున్నను, షాఫ్టును పట్టి త్రిప్పిచూచినపుడు అది దాదాపు 11 డిగ్రీలుగా కనిపించును. దీనిని చూచి క్రౌనును, పినియనును పాడైనవని తీర్మానించి, అనవసరముగా మార్పించుకొన్నవారు కలరు. డబ్బు పోవును, శబ్దము మాత్రము పోదు.

శబ్దమే కదాయని ఊరకుండరాదా యని అడుగవచ్చును. ఊరకుండరాదు. విల్లీస్ సంప్రదాయపు పాత జీపులలో చేతిబ్రేకు చక్రములవద్ద ఉండదు. అది ట్రాన్స్‌ఫర్ కేసు వెనుకనున్న డ్రమ్మును పట్టి, షాఫ్టుద్వారా వెనుక చక్రములను ఆపును. ఘాట్‌రోడ్డు దిగునపుడు చిన్న గేరులో ఇంజను ఇచ్చు నిరోధమును ఆ షాఫ్టుద్వారానే చక్రములకు చేరును. వెనుక చక్రములతో మాత్రమే నడచుచున్న సమయమున క్రాస్ విరిగి షాఫ్టు విడిపోయినచో, చేతిబ్రేకును ఇంజను నిరోధమును ఒక్కసారిగా పోవును. మిగులునది కాలిబ్రేకు మాత్రమే. ముందుకొన విడివడినచో ఆ షాఫ్టు నేలను గ్రుచ్చుకొనుటయు కలదు. కనుక ఆ చిన్న ‘టక్’ను నిర్లక్ష్యము చేయరాదు.

ఇక శబ్దముల భేదములు. క్లచ్చు వదలునపుడును, యాక్సిలరేటరు నొక్కి విడుచునపుడును ఒక్కటే దెబ్బ వినిపించినచో, అది మార్గమునందలి వదులంతయు ఒక్కసారిగా పూడుట. క్రాసునుగాని జారుడు కీలునుగాని ముందుగా అనుమానింపవలెను. మెల్లగా పోవునపుడు పిచ్చుక అరచినట్లు కిచకిచలు వినవచ్చి, వేగముతోపాటు అవియు త్వరపడినచో, క్రాసు గిన్నెలలో గ్రీజు ఎండినదని అర్థము. గిన్నె అంచున ఎఱ్ఱని తుప్పుపొడి కనిపించుట దీనికి గుర్తు. బయలుదేరునపుడును బ్రేకు వేయునపుడును దెబ్బ వినిపించినచో, కమానులను ఇరుసునకు బిగించు యు-బోల్టులను, కమాను బుష్షులను చూడవలెను. ఒక నిర్దిష్టవేగమున ఏకధాటిగా ఊళపెట్టి, యాక్సిలరేటరు విడువగానే స్వరము మారినచో, అది క్రౌను, పినియనుల అరుగుదల కావచ్చును.

ఈ ఊహలను చేతితో పరీక్షించి నిర్ధారింపవలెను. బండిని సమతలమున నిలిపి, ఇంజనాపి, చక్రములకు ముందును వెనుకను గట్టి దిమ్మలు పెట్టవలెను. కేవలము జాకీపై ఎత్తిన బండిక్రిందికి ఎన్నడును దూరరాదు.

మొదట చేతిబ్రేకు బిగించి, షాఫ్టును ముందుకొన సమీపమున పట్టి అటునిటు త్రిప్పవలెను. డ్రమ్ము కదలదు. డ్రమ్ము నిలిచియుండగా షాఫ్టు కదలినచో దోషము ముందు క్రాసునందు గాని, జారుడు కీలునందు గాని కలదు. పిదప గేర్లన్నియు న్యూట్రలులో నుంచి, చేతిబ్రేకు విడిచి, మరల త్రిప్పవలెను. ఒకచేతితో షాఫ్టును, వేరొకచేతితో పినియన్ ఫ్లాంజిని తాకియుంచినచో రహస్యము బయటపడును. షాఫ్టు కదలి ఫ్లాంజి నిలిచినచో వెనుక క్రాసు. రెండును కలిసి కదలి లోపల ‘టక్’మని ఆగినచో డిఫరెన్షియల్ గాని, ఇరుసుల కొనలు గాని. కొన్ని నమూనాలలో ఇరుసుకొనకు హబ్బును ఒక చీలయు, నట్టును పట్టియుంచును. ఎడ్లబండి కడచీల అరిగినట్లే ఇచటను చీల అరుగును. ఈ రెండు పరీక్షలలోను దోషము కనిపింపనప్పుడే, షాఫ్టును విప్పి, గేరు వేసి, డ్రమ్మును త్రిప్పి, గేరు బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసుల సంగతి చూడవలెను. షాఫ్టు విప్పిన పిమ్మట చేతిబ్రేకు బండిని ఆపదు. దిమ్మలే ఆధారము.

వదులులో ఏది సహజము, ఏది దోషము? తిరుగుటలో కొంత ఆట ఉండితీరవలెను. క్రౌను, పినియనుల పళ్లనడుమ అంగుళమున వెయ్యింట 5 మొదలు 10 వంతుల సందు ఉండుట సాధారణము. అది సుమారు రెండు కాగితముల మందము. ఆ సందులేనిచో నూనెకు చోటుండదు, పళ్లు వేడెక్కి చెడును. కాని పినియన్ ఫ్లాంజిని పట్టి పైకి, క్రిందికి, ముందుకు, వెనుకకు కదపిచూచినపుడు చేతికి ఆట తెలియరాదు. తెలిసినచో బేరింగు అరిగినదనియో, నట్టు వదులైనదనియో గ్రహించి, బండిని నిలిపివేయవలెను. తిరుగుటలోని ఆటకు కొంత క్షమ కలదు. ఊగుటలోని ఆటకు లేదు.

బాగుచేయించునపుడును రెండు జాగ్రత్తలు కలవు. జారుడు కీలును విప్పి మరల కూర్చునపుడు దానిపైనున్న బాణపు గుర్తులు రెండును ఎదురెదురుగా ఉండవలెను. వంపులో తిరుగు క్రాసు షాఫ్టునకు చుట్టునకు రెండుమార్లు వేగమును హెచ్చించి తగ్గించును. రెండవకొననున్న క్రాసు ఆ హెచ్చుతగ్గులను సరిచేయును. గుర్తులు తప్పినచో ఆ సవరణ జరుగక, అంతకుముందులేని వణకు పుట్టును. రెండవది, నాలుగు చక్రముల నడకను ఎండిన తారురోడ్డుపై వాడరాదు. మలుపులో ముందుచక్రములు ఎక్కువదూరము పోవును. ముందు వెనుక షాఫ్టుల నడుమ ఈ జీపులో డిఫరెన్షియల్ లేదు. బురదలోనైన చక్రము జారి సర్దుకొనును. తారుపై జారలేక, ఆ పురి అంతయు క్రాసులపైని, పళ్లపైని పడును. లీవరు తీయునపుడు వినవచ్చు పెద్ద దెబ్బ ఆ పురి విడుచుటయే.

ఆనాడు శృంగవరపుకోటలో క్రాసొకటి మార్చుటకు రెండుగంటలు పట్టినది. సాయంకాలమునకు అనంతగిరి ఎక్కితిమి. మరునాడు దిగునపుడు మా మిత్రుడు చిన్న గేరులో బండిని నెమ్మదిగా విడువగా, కాళ్లక్రింద శబ్దములేదు. లోయవైపు చూచుచు మేమందరము మౌనముగా కూర్చుంటిమి. గేరు బాక్సు మార్పించి, ఆ క్రాసునట్లే యుంచి ఈ దారిని దిగియున్నచో ఏమగునోయను తలపు అందరి మనస్సులలోను ఉండెను.